చెవికొక న్యాయం, చేతికొక న్యాయం

మా అత్తమ్మకు డెబ్భై ఒక్క ఏళ్ళు. ఆవిడ ఫొటోలు మా ఇంట్లో ఓ యాభై దాకా ఉంటాయి. అన్నిట్లోనూ కొంగు కుడిచెవి మీదుగా నిండుగా కప్పుకునే ఉంటారు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన కొత్తలో అది పెద్దింటి మర్యాద కాబోలనుకుని నేనూ ఓ వారం రోజులు అలాగే కప్పుకు తిరిగాను. చేగుంట ఎండల్లో, వారం రోజులు! ఎనిమిదో రోజున మా ఆడబిడ్డ కడుపు పట్టుకు నవ్వి అసలు సంగతి చెప్పింది. అత్తమ్మ కుడిచెవి తమ్మె తెగి ఉంది. కమ్మ పెట్టుకునే రంధ్రం దగ్గర్నుంచి కిందిదాకా చీలిపోయి రెండు పాయలుగా వేలాడుతూ ఉంటుంది.

తెంపిన దొంగ ఎవరో ఇంటిల్లిపాదికీ తెలుసు. అప్పటికి వాడికి ఏడాది నిండలేదు. చంకనెక్కి కూర్చుని, తళతళలాడే బుట్టకమ్మను పిడికిట పట్టుకుని ఒక్క గుంజు గుంజాడట. ఆ దొంగకు ఇప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. వసారాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. చేసిన నేరం తనకు గుర్తులేదంటాడు. కాపురం చేసుకోవాలి గనక నేనూ నమ్ముతున్నాను.

మా ఆడబిడ్డ కూతురికి నిశ్చితార్థమైంది. ఆ రాత్రి పిల్లలు సెల్‌ఫోనులో ఫొటోలు చూపిస్తుంటే అత్తమ్మ ఒక్కొక్కటీ తిప్పించుకుని మరీ చూశారు. అందరూ పడుకున్నాక వంటింట్లోకి వచ్చి, గిన్నెలు సర్దుతున్నట్లు నటిస్తూ అడిగారు.

"బిడ్డా, గీ చెవును డాక్టర్లు కుడ్తరంట గద. నిజమేనా?"

నేనేమన్నానో ఉన్నదున్నట్లు రాసెయ్యడం మంచిది.

"ఇప్పుడెందుకత్తమ్మా? ఈ వయసులో ఎవరు చూడొచ్చారు?"

నవ్వుతూనే అన్నాను. ఆవిడా నవ్వారు. "అవ్, నిజమేలే" అని కొంగు సర్దుకుని పాలు తోడుపెట్టడానికి వెళ్ళిపోయారు. నా నవలల్లో కోడళ్ళందరూ అత్తల మనసులో మాట ఇట్టే కనిపెట్టేస్తుంటారు. కాగితం మీద కాబట్టి సరిపోతోంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నా కుడిచెయ్యి మొరాయించడం మొదలుపెట్టింది. తెల్లవారుజామున మూడింటికి తిమ్మిరెక్కి మెలకువ వచ్చేది. లేచి కూర్చుని చెయ్యి దులుపుకుంటే కాస్త నయం. మళ్ళీ పడుకుంటే మళ్ళీ అదే. చిత్రమేమంటే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారేవి. ఉంగరపు వేలిలో సగం మొద్దుబారేది. చిటికెన వేలు మాత్రం తనకేమీ తెలియనట్లు హాయిగా ఉండేది. క్రమంగా పగలు కూడా పెన్ను జారిపోసాగింది. గుండీ పెట్టుకోవాలంటే వేళ్ళకు గుండీ తెలిసేది కాదు. ఒకనాడు పోపులోకి ఆవాలు తీస్తూ ఎన్ని వచ్చాయో చూస్తే తప్ప నాకు అర్థం కాలేదు.

ఇక ఇంట్లో ఒకటే కంగారు. "రైటరువి, చేతికేమన్నా అయితే ఎట్లా?" అంటూ మా వారు మర్నాడే కారు తీశారు. నాకూ నలభై ఏడు నిండాయి. ఈ వయసులో చెయ్యెందుకని నన్నొక్కరంటే ఒక్కరు కూడా అడగలేదు.

మా ఊరు ఒకప్పటి ఏడో నంబరు, ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. దక్షిణంగా పోతే తూప్రాన్ దాటి హైదరాబాదు, ఉత్తరంగా పోతే రామాయంపేట, ఆపైన నిజామాబాదు వైపు. మేం దక్షిణంగా వెళ్ళాం. నగరంలో ఒక ఆస్పత్రిలో చేతుల సర్జను, ప్లాస్టిక్ సర్జనూ అన్నీ ఒకరే. డాక్టరమ్మ నా మణికట్టు మీద వేలితో టకటక కొట్టి చూసింది. కొట్టినప్పుడల్లా వేళ్ళలోకి కరెంటు పాకినట్లయింది. మణికట్టు దగ్గర ఎనిమిది చిన్న ఎముకలు, వాటి మీద గట్టి పట్టీ కప్పులాగా ఉంటాయిట. ఆ ఇరుకు సందులోంచి తొమ్మిది స్నాయువులూ, ఒక నరమూ పోవాలి. అందులో ఏది కాస్త వాచినా నలిగేది పాపం మెత్తగా ఉన్న ఆ నరమే. దీన్ని కార్పల్ టనెల్ అంటారు. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకు ఎక్కువ. నెలసరి ఆగిపోయే వయసులో, కడుపుతో ఉన్నప్పుడు, షుగరూ థైరాయిడూ ఉన్నవాళ్ళలో మరీ ఎక్కువ. ముందే వస్తే రాత్రిళ్ళు మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుంటే తగ్గొచ్చు. లేదా ఒక ఇంజెక్షను. నాది ముదిరింది కాబట్టి ఆ కప్పును చిన్నగా కోసి నరానికి చోటు ఇవ్వాలన్నారు. మెలకువగా ఉండగానే, చెయ్యి వరకే మత్తిచ్చి, అట్టే సేపు పట్టకుండా చేసేశారు.

ఆపరేషను సంగతి అంతే. దానికన్నా ఆ ఆస్పత్రి హాల్లో కూర్చున్న రెండు గంటలు నాకు ఎక్కువ గుర్తు.

ఒక పక్క ఇరవయ్యేళ్ళ కుర్రాడు. చేతికి ముంజేతిదాకా కట్టు. మా రోడ్డు వెంబడే ఉన్న ఏదో ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషను కింద రెండు వేళ్ళు పోయాయిట. తోటివాళ్ళు మంచివాళ్ళే, తెగిన వేళ్ళు తెచ్చారు కూడా. కానీ స్టీలు డబ్బాలో ఐసుముక్కల మీద నేరుగా పెట్టి తెచ్చారు. ఒకటి అతికింది. రెండోది ఐసుకే పాడైపోయిందన్నారు. ఇది ప్రతి ఇంటా తెలియాల్సిన విషయం కాబట్టి ఇక్కడ ఆగి చెబుతాను. తెగిన వేలిని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి బిగించి, ఆ కవరును ఐసు కలిపిన నీళ్ళలో ఉంచాలి. ఐసు వేలికి తగలకూడదు. 1965లో జపానులో కొమాత్సు, తమాయ్ అనే ఇద్దరు డాక్టర్లు తెగిపోయిన బొటనవేలిని మైక్రోస్కోపు కింద, రక్తనాళాలతో సహా మొట్టమొదటిసారి అతికించారు. మన వేలిలో రక్తనాళం మిల్లీమీటరు మందం ఉంటుందంతే. దానికి కుట్లు! జాకెట్టుకు హుక్కులు కుట్టడానికే విసుక్కునే నాబోటిదానికి అది మంత్రవిద్యలాగే తోస్తుంది.

ఇంకో పక్క ఒక పిల్లతల్లి. ఒళ్ళో నాలుగు నెలల పసివాడు. వాడి ముఖాన తువ్వాలు కప్పి ఉంచింది. పాలు పట్టడానికి తీసినప్పుడు చూశాను. గ్రహణం మొర్రి. నేను ఏమీ అడగలేదు. ఆ అమ్మాయే నావైపు తిరిగి, "నేను గ్రహణం నాడు ఇంట్లనే ఉన్ననమ్మా, బయటికి గూడ రాలె" అంది.

ముక్కూ మొహం తెలియని నాకు ఎందుకు చెప్పుకోవాలి? అంతకుముందు ఎంతమంది అడిగి ఉంటారో! కడుపులో బిడ్డ పడిన తొలి రెండు నెలల్లో రెండువైపుల నుంచీ వచ్చి కలవాల్సిన పెదవి కలవకపోతే అలా మిగిలిపోతుంది. సూర్యుడికీ చంద్రుడికీ అందులో ప్రమేయమే లేదు. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల వయసులో పెదవి కుట్టేస్తారు. అంగిలి కూడా చీలి ఉంటే దానికి ఏడాదికి అటూ ఇటూగా మరో ఆపరేషను. పెదవి కుడితే పిల్లవాడికి ముద్దుమొహం వస్తుంది, నిజమే. కానీ ఆ తల్లికి వచ్చేది ఇంకా పెద్దది. గ్రహణం నాడు ఎక్కడున్నావని ఇక ఎవరూ అడగరు.

ఆ మాట అప్పుడు నాకు పూర్తిగా అర్థమైందని చెప్పను. అర్థమైంది మూడో రోజున.

ఆపరేషనయ్యాక నా పని రాణివాసమే. బరువులు ఎత్తొద్దు, పిండి పిసకొద్దు, బట్టలు పిండొద్దు. జడ వేసుకోవడం కూడా రాదాయె. అత్తమ్మే వెనక కూర్చుని జుట్టుకు నూనె రాసి చిక్కు తీసేవారు. ఆ రోజు కొంగు జారినా సర్దుకోలేదు. ఎదుటి అద్దంలో తెగిన చెవి కనిపిస్తూనే ఉంది. నేను చూశానని ఆవిడకూ తెలుసు.

"మీ మామ చేసిండనుకున్నరు బిడ్డా" అన్నారు ఉన్నట్టుండి.

"ఏం చేశాడనుకున్నారు?"

"గీ చెవు. పిలగాడు గుంజిండంటె ఒక్కలు నమ్మలె. మొగని పేరు కాపాడనీకె పిలగాని మీద పెడ్తున్నదన్నరు. ఆయన నా మీద చెయ్యెత్తి ఎరుగడు. ఎసోంటి మనిషో నీకెరుకే గద. బాయికాడికి పోతె అందరు నా చెవు దిక్కు సూసి, గట్ల పొయ్యే మీ మామ దిక్కు సూస్తుండిరి. మూడేండ్లు చెప్పిన. ఇగ చెప్పుడు బంద్ చేసి కప్పుకున్న."

నేను ఊరుకున్నాను. దువ్వెన ఆగలేదు.

"ఇప్పుడు ఆయన లేకపాయె. పెండ్లికొచ్చేటోల్లు కొత్తోల్లు. ఆయన్ను ఎన్నడు సూడనోల్లు. నా చెవు సూసి ఆయన్నేమనుకుంటరో అని, గంతే. పటంల నవ్వుకుంట కూసున్నడు. అడగనీకె లేడు, చెప్పనీకె లేడు."

మామయ్య పోయి పన్నెండేళ్ళయింది. కందిరీగ కుట్టినా పాపం దానికేం కష్టమొచ్చిందో అనే మనిషి. ఆ మనిషి మంచితనానికి సాక్ష్యంగా నలభై నాలుగేళ్ళ పాటు ఆవిడ కొంగు కప్పుకుంది. దాన్ని నేను అలంకారం కింద జమకట్టాను.

ఆ రోజు నుంచీ నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి. చెయ్యి నొప్పి తగ్గింది కాబట్టి నిద్ర బాగానే పట్టింది. కానీ పగలు ఏ పనీ లేకపోవడంతో ఒకటే ఆలోచన. ఒళ్ళు బాగుచేయించుకోవడంలో ఏది అవసరం, ఏది సోకు? ఎవరు తేలుస్తారు?

నేను చదివింది బి.ఏ. తర్కశాస్త్రం ఒక్క ఏడాదే చదివాను, అదీ పరీక్ష కోసం. అయినా ఓ సూత్రం కట్టాలని చూశాను. పనికొచ్చేది అవసరం, కంటికింపు కోసమైతే సోకు. ఈ లెక్కన నా చెయ్యి అవసరం, అత్తమ్మ చెవి సోకు. బాగానే ఉందనుకున్నాను. మరి ఆ పసివాడి పెదవి? పాలు తాగలేడు, మాట సరిగా రాదు కాబట్టి అవసరమే అందామా? పెదవికి కొనలో చిన్న గాటు మాత్రమే ఉండి, పాలు శుభ్రంగా తాగే పిల్లల్నీ కుట్టించక ఊరుకుంటామా? ఆడపిల్లయితే పుట్టిన గంటలోనే మొదలుపెడతాం దాని పెళ్ళి గురించి బెంగ. సూత్రం తెగిపోయింది.

సరే, పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడం న్యాయం, లేనిదాన్ని కొని తెచ్చుకోవడం మోజు అని ఇంకోటి కట్టాను. అత్తమ్మ చెవి గెలిచింది. కానీ వేళ్ళు అతుక్కుని పుట్టిన పిల్లకు విడదీయించడం, ఆరో వేలు తీయించడం, వీటిలో పోయినదేముంది, తిరిగి తెచ్చుకునేదేముంది? ఇదీ తెగింది.

ఇక మా మేనకోడలి స్నేహితురాలొకర్తె ఉంది. చక్కని ముక్కు. దాన్ని ఇంకాస్త సన్నం చేయించుకుంటానని డబ్బు కూడబెడుతోంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నాకు ఆ పిల్లను చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పేపరు తెరిస్తే పెళ్ళికూతురి కోసం ఫలానా ప్యాకేజీ, ఫలానా తగ్గింపు అని ప్రకటనలు. ఉన్న ముఖం మీద పిల్లలకు అసహ్యం పుట్టించి, ఆ అసహ్యాన్ని పోగొడతామని డబ్బు వసూలు చేసే వ్యాపారం. అత్తమ్మను సమర్థించి ఈ పిల్లను తిట్టడానికి నా దగ్గరున్న హక్కేమిటని నన్ను నేనే అడిగితే జవాబు తడుముకోవాల్సి వస్తోంది. అత్తమ్మ కథ నాకు తెలిసింది, ఈ పిల్ల కథ తెలియదు. బహుశా తేడా అంతే కావచ్చు. ఆ పిల్ల జడ ఎవరు వేస్తారో, అప్పుడేం చెబుతుందో!

పదకొండో రోజున నా కుట్లు విప్పించుకోవడానికి వెళుతూ అత్తమ్మను కూడా కారెక్కించాను. పెళ్ళికి ఇంకా నెలన్నర. తూప్రాన్ దాటాక ఆవిడ నా చెవిలో రహస్యంగా, "ప్లాస్టిక్ పెడ్తరా బిడ్డా? ఎండకు కరగది గద?" అన్నారు. మా వారు స్టీరింగు మీద తలవాల్చి నవ్వుతుంటే నాకు భయమేసింది.

నిజానికి నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. గ్రీకు భాషలో ప్లాస్టిక్ అంటే మలచడమని అర్థం, మన కుమ్మరి మట్టిని మలిచినట్లు. ముక్కు మలిచే విద్య మీద గ్రేఫ్ అనే జర్మన్ సర్జను పుస్తకం రాసి, పేరులో ఆ మాట పెట్టింది 1818లో. మనం బకెట్లకు వాడే ప్లాస్టిక్ అప్పటికి పుట్టనే లేదు. డాక్టరమ్మ అదంతా చెప్పకుండా, "మీ చర్మమే అవ్వా, మీదే మీకు కుడతాం" అంది. అత్తమ్మ మొహం విప్పారింది.

మీలో చాలామందికి చెవులు సాగి ఉంటాయి కాబట్టి పద్ధతి చెబుతాను. తెగిన రెండు పాయల్నీ దగ్గరికి తెచ్చి కుట్టేస్తే సరిపోదుట. పుండు ఎప్పుడో మాని అంచుల మీద చర్మం వచ్చేసి ఉంటుంది. మానిన అంచుకు మానిన అంచు అతకదు. రెండంచుల్నీ సన్నగా కోసి, మళ్ళీ పచ్చిపుండు చేసి, అప్పుడు కుట్టాలి. చెవి వరకే మత్తు. అరగంట పని. వారానికి కుట్లు విప్పుతారు. మళ్ళీ కమ్మ కుట్టించుకోవాలంటే రెండు మూడు నెలలాగి, ఆ మచ్చ మీద కాకుండా పక్కన కుట్టించుకోవాలి. బరువు కమ్మలు తగ్గించాలి. మన అమ్మమ్మలు బరువంతా తమ్మె మీద పడకుండా చెవి మీదుగా మాటీలు వేసుకునేవారే, అది వట్టి సింగారం కాదన్నమాట.

"పెండ్లిదాంక కమ్మ పెట్టుకోరాదు అవ్వా" అని డాక్టరమ్మ మా యాసలోనే చెప్పింది, ఆవిడ నిరాశపడుతుందేమోనని కాస్త జంకుతూ.

"కమ్మ లేకున్నా మంచిదే. తెగింది కనబడకుంటె సాలు" అన్నారు అత్తమ్మ.

ఆవిడ లోపలికి వెళ్ళాక నేను డాక్టరమ్మతో, ఇంత చిన్న పనికి మీబోటి పెద్ద సర్జన్ల టైము తీసుకుంటున్నామేమో అని నసిగాను. ఆమె నవ్వి, మా విద్యంతా మొదలైందే చెవి తమ్మె దగ్గరండీ అంది. ఇంటికొచ్చి వెతికి చదివాను. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో పదహారో అధ్యాయం మొదలయ్యేదే పసిపిల్లలకు చెవులు కుట్టడంతో. రంధ్రం సాగి తమ్మె తెగితే అతికించడానికి పదిహేను రకాల పద్ధతులు చెప్పి, ఆ తర్వాతే తెగిన ముక్కును చెంప చర్మంతో మళ్ళీ నిలబెట్టడం చెప్పాడు. అంటే ప్రపంచం చేతులెత్తి మొక్కే ఆ ముక్కు ఆపరేషను, మన ఇళ్ళలో అవ్వలు సిగ్గుపడి దాచుకునే చెవి తమ్మె వెనకాలే వచ్చిందన్నమాట! శూర్పణఖకు ముక్కుచెవులు కోశారని చెప్పుకునే దేశంలోనే వాటిని కుట్టే విద్యా పుట్టింది. కోసేవాళ్ళు ఎంతమంది ఉంటే కుట్టేవాళ్ళకు అంత చేయి తిరుగుతుంది కాబోలు.

ఆ విద్య తర్వాత గ్రంథాల్లోంచి జారిపోయి కులవృత్తిగా మిగిలింది. 1794 అక్టోబరులో లండనులో జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ అనే పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. కావస్‌జీ అనే మరాఠా రైతు, ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లబండి తోలేవాడు. 1792 యుద్ధంలో టిప్పుసుల్తాను మనుషులకు చిక్కితే ముక్కూ, ఒక చెయ్యీ నరికేశారు. ఏడాది పాటు ముక్కులేకుండా తిరిగాక పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన అతని నుదుటి చర్మాన్ని కిందికి తిప్పి కొత్త ముక్కు పెట్టాడు. ఆ ఉత్తరం చదివిన కార్ప్యూ అనే ఇంగ్లీషు సర్జను 1814లో తానూ చేసి చూశాడు. అక్కణ్ణుంచి అది యూరపంతా పాకింది.

ఈ కథ చెప్పేవాళ్ళందరూ ముక్కు దగ్గర ఆగిపోతారు. నాకు మాత్రం ఆ చెయ్యి గుర్తొస్తుంది. ముక్కొచ్చాక నలుగురిలోకీ వెళ్ళాడే అనుకుందాం. ఎడ్లను ఎలా తోలాడో ఎవరూ రాయలేదు.

మా ఎదురింటి వదినె బీడీలు చేస్తుంది. మా వైపు ఊళ్ళలో ఏ అరుగు చూసినా చేట ఒళ్ళో పెట్టుకున్న ఆడవాళ్ళు కనిపిస్తారు. తునికాకును కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మొన మలిచి, దారం కట్టడం. వెయ్యికింత అని కూలి. ఎన్ని తక్కువైతే అంత కోత. ఆవిడకు నాలాగే చెయ్యి మొద్దుబారుతోంది. నాకన్నా రెండేళ్ళు ముందునుంచే. రాత్రి లేచి దులుపుకుంటుంది, గోరువెచ్చని నీళ్ళలో పెట్టుకుంటుంది, కత్తెర జారిపోతే మళ్ళీ తీసుకుంటుంది. నా కట్టు చూడ్డానికి వచ్చినప్పుడు ఈ సంగతి బయటపడింది. నేను కొత్తగా నేర్చుకున్న పాండిత్యమంతా ఒలకబోశాను. ఎనిమిది ఎముకలూ తొమ్మిది స్నాయువులూ వర్ణించాను. పెద్దాస్పత్రిలో ఆపరేషనుకు డబ్బు కూడా అడగరు వదినె, నేను తోడొస్తానన్నాను.

ఆవిడ అంతా విని, "ఎన్ని దినాలు పని బంద్ జెయ్యాలె?" అంది.

"ఓ నెల చేస్తే మంచిది."

"నువ్వు నెల దినాలు రాయకుంటె పుస్తకం ఆగుతది వదినె. నేను నెల దినాలు చుట్టకుంటె ఇల్లు ఆగుతది."

నాకు మాట రాలేదు. మా రోడ్డునే ఉత్తరంగా పోతే డిచ్‌పల్లి వస్తుంది. 1915లో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ, ఆమె భర్త కలిసి కుష్ఠురోగుల కోసం ఆస్పత్రి పెట్టిన చోటు. నిజామాబాదుకు చెందిన నర్సాగౌడ్ గారు విరాళమిచ్చారు. కుష్ఠులో నరాలు చచ్చుబడి వేళ్ళు గద్దగోళ్ళలా ముడుచుకుపోతాయి. వేలూరులో పాల్ బ్రాండ్ అనే సర్జను 1940ల చివర్లో బాగున్న కండరాల స్నాయువుల్ని మళ్ళించి ఆ వేళ్ళను తెరిపించడం మొదలుపెట్టాడు. అద్భుతమే. కానీ చేతులు బాగయిన కొందరు కొన్నాళ్ళకు తిరిగొచ్చి ఆయనకే మొరపెట్టుకున్నారట, వంకర చేతులకు పడినంత బిచ్చం తిన్నటి చేతులకు పడటం లేదని. పనిద్దామంటే వీళ్ళు ఫలానా అని తెలిసి ఎవరూ ఇవ్వరు. ఆయన అప్పుడు ఆస్పత్రి పక్కనే పనులు నేర్పే చోటు కట్టాల్సి వచ్చింది. చెయ్యి బాగుచేయడం ఒక పని. చేతికి బతుకు చూపించడం ఇంకో పని. మొదటిదానికి డాక్టర్లున్నారు.

వదినె విషయంలో నేను చేయగలిగింది, రాత్రిళ్ళు కట్టుకునే మణికట్టు పట్టీ ఒకటి తెచ్చివ్వడం. కట్టుకుంటోందో లేదో అడగలేదు. అత్తమ్మ తెగిన చెవి ఊరంతటికీ కనిపించింది, ఊరంతా కథ అల్లింది. వదినె చేతికి పైన ఏ మచ్చా లేదు. చూసేవాళ్ళకు నిగనిగలాడుతూ మామూలుగా ఉంటుంది. అల్లడానికి కథ కూడా లేదు.

వారం తిరిగాక అత్తమ్మ చెవి కుట్లు విప్పారు. సన్నటి ఎర్రటి గీత తప్ప ఇంకేమీ లేదు. సాయంత్రం ఆవిడ కొంగు భుజాన వేసుకుని, రెండు చెవులూ బోసిగా, అరుగు మీద కూర్చున్నారు. ఎడమచెవి కమ్మ కూడా తీసేశారు, ఒక్కటే ఉంటే మళ్ళీ అడుగుతారని. మామయ్య పటానికి ఎదురుగా ఓ నిమిషం నిలబడి రావడం నేను తలుపు చాటునుంచి చూశాను. పిలుద్దామా వద్దా అని ఆగిపోయాను.

వదినె చేట దించి రోడ్డు దాటి వచ్చింది.

"ఏదీ పెద్దమ్మా, సూడనీ" అంటూ పక్కన కూర్చుని, బొటనవేలూ చూపుడువేలూ మధ్య ఆ తమ్మె పట్టుకుని మెల్లిగా రాసి చూసింది. మళ్ళీ చూసింది.

"కుట్టు యాడున్నదో నాకసలు తెలుస్తనే లేదు" అంది.

అత్తమ్మ చిన్నపిల్లలా నవ్వారు. "సూసినవా బిడ్డా, ఏం తెలుస్తలేదంట!" అని నన్ను పిలిచారు. నేను వదినె వేళ్ళవైపు చూశాను. ఆవిడ నా వైపు చూసి, చెయ్యి కొంగులోకి తీసుకుంది.